విండర్‌మియర్‌కి రెండుసార్లు

ఏప్రిల్ చివరి వారంలో విండర్‌మియర్ ఒడ్డుకు చేరేసరికి నీళ్లు లేత గోధుమరంగులో ఉన్నాయి. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పెద్ద సరస్సు, చుట్టూ కొండలు, మంచి ఎండ. ఆ రంగు చూసి మురికేమోనని మనసు చివుక్కుమంది.

నాతో వచ్చిన స్నేహితురాలు సరస్సుల మీద పరిశోధన చేస్తోంది. పడవ పక్కన సన్నటి వల కాసేపు లాగి, ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి "ఇప్పుడు చూడు" అంది. నక్షత్రాలు! ఒక్కోదానికి ఏడెనిమిది చేతులు, గాజు పుల్లలు అతికించినట్టు. ఆస్టెరియోనెల్లా అనే డయాటమ్స్ అవి, ఏకకణ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. గాజు అన్నది పోలిక కోసం కాదు, వాటి కణాల గోడలు గాజులో ఉండే సిలికాతోనే తయారవుతాయి. చాలాసేపు కన్ను తిప్పుకోలేకపోయాను.

చలికాలమంతా గాలికి నీరు అడుగు దాకా కలిసిపోతూ ఉంటుంది. పోషకాలకు లోటుండదు కానీ, నీటిలో తేలుతూ బతికే ఈ వృక్ష ప్లవకాలు ఎక్కువసేపు చీకట్లోనే తిరుగుతాయి. పగటివేళ పెరిగి పైపొర కాస్త వేడెక్కాక వెలుతురులో నిలుస్తాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, కొన్ని వారాల్లోనే నీటి రంగు మార్చేస్తాయి.

జూన్ మధ్యలో మళ్లీ వెళ్లాం. నీళ్లు తేటగా ఉన్నాయి! నీటి తేటదనం కొలిచే నలుపు తెలుపు సెక్కీ పళ్లేన్ని తాడుకు కట్టి దించితే, ఏప్రిల్‌లో కంటే చాలా లోతు వరకు కనిపించింది. చుక్కలో మాత్రం విరిగిన చేతులు కొన్ని, వాటి మధ్య గంతులేస్తున్న డాఫ్నియాలనే బుల్లి నీటి జీవులు.

ఎండ ఇంకా పెరిగింది కదా, మరి ఎందుకు తగ్గిపోయాయని అడిగాను.

"గాజు అయిపోయింది," అంది. జాన్ లండ్ అనే శాస్త్రవేత్త 1940లలో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఈ ప్రాంతపు సరస్సుల నీటిలో ఆస్టెరియోనెల్లాను లెక్కపెట్టాడు. లీటరులో సిలికా దాదాపు అర మిల్లీగ్రాముకు పడిపోయిందంటే దాని పెరుగుదల ఆగుతుందని గమనించాడు. వెలుతురు ఎంత ఉన్నా కొత్త గోడ కట్టుకోవడానికి సరుకు లేదు. కొన్నిటిని బూజు జాతి పరాన్నజీవులు తినేస్తాయి, మిగిలినవి బరువుకి మెల్లగా మునిగిపోతాయి. డాఫ్నియాలు చిన్న చిన్న శైవలాలను వడగట్టి తినేసరికి నీరు ఇంకా తేటపడుతుంది.

మా పడవ కింద 60 మీటర్ల లోతు. వసంతంలో నేను చూసిన నక్షత్రాలు ఇప్పుడు ఆ బురదలో ఉన్నాయన్న ఆలోచన నన్ను వదల్లేదు.

"ఆగస్టులో రా," అంది తను తాడు చుడుతూ. "నీలి ఆకుపచ్చ శైవలాలు పైకి తేలతాయి. వాటికి సిలికా అక్కర్లేదు."