ఎండిన గన్నేరాకు

గన్నేరు చేదు, కుక్క ముట్టదంటారు. పచ్చాకు విషయంలో కొంతవరకు నిజమే. కత్తిరించి గోడవార పడేసిన కొమ్మ ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. పళ్ళు మారే వయసులో ఉన్న మా లాబ్రడార్ పిల్ల (6 నెలలు, 18 కిలోలు) నమిలింది అలాంటి కొమ్మనే.

రెండు గంటల్లో చొంగ, వాంతులు మొదలయ్యాయి. వాంతిలో ఆకు ముక్కలున్నాయి. వాటిని పారెయ్యకుండా ఒక కవర్లో వేసి, కొమ్మొకటి కూడా డాక్టరు గారికి పట్టుకెళ్ళాం. ఏ మొక్కో తెలియకపోతే ఏ మందు వెయ్యాలో తేలదు.

బయల్దేరేలోపు ఉప్పునీళ్ళు పట్టమన్నవాళ్ళున్నారు. పట్టకూడదు, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి. పాలు ఈ విషాన్ని విరచలేవు. నీరసించిందని కొబ్బరినీళ్ళు పట్టడం ఇంకా ప్రమాదం. గన్నేరు విషం గుండె కణాల్లోని సోడియం–పొటాషియం పంపును (సోడియాన్ని బయటికి తోసి, పొటాషియాన్ని కణంలోకి లాగే ఏర్పాటును) అడ్డుకుంటుంది. దాంతో రక్తంలో పొటాషియం పెరుగుతుంది. కొబ్బరినీళ్ళు దానికి మరింత కలుపుతాయి.

వాంతులు కంటికి కనిపిస్తాయి గానీ అసలు దెబ్బ గుండెకే. తొడ లోపలివైపు వేళ్ళు ఆనించి, 15 సెకన్లు నాడి లెక్కపెట్టి 4తో హెచ్చవేస్తే 52 వచ్చింది. వాంతులతో అల్లాడుతున్న పిల్లకు 100 దాటాలి. పైగా మధ్యలో ఒక్కో దెబ్బ తప్పుతోంది. ఇలాంటప్పుడు కుక్కను నడిపించకుండా ఎత్తుకునే తీసుకెళ్ళాలి.

ఆసుపత్రిలో ముందు వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాతే యాక్టివేటెడ్ చార్కోల్ (కడుపులో విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి), కిలోకు 1 గ్రాము చొప్పున 18 గ్రాములు. ఆపైన 6 గంటలకోసారి అందులో సగం, ఒక రోజంతా. ఈ విషం పైత్యరసంతో కలిసి మళ్ళీ పేగుల్లోకి దిగుతుంది కాబట్టి ఒక్క మోతాదు చాలదు. చార్కోల్ ఇంట్లో పట్టే మందు కాదు. వాంతి చేసుకుంటున్న కుక్కకు, మగతగా ఉన్న కుక్కకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాడి పెరగడానికి అట్రోపిన్, ఎక్కించడానికి పొటాషియం, కాల్షియం రెండూ లేని నార్మల్ సెలైన్. మళ్ళీ మళ్ళీ ఈసీజీ.

మర్నాటికి తోక ఊపింది. చాలామంది ఇంటికి తెచ్చేసుకునేది అప్పుడే. కానీ ఈసీజీలో లయ ఇంకా తప్పుతూనే ఉంది. అది కుదుటపడింది మూడోరోజుకు. చార్కోల్ వల్ల మలం ఒకటి రెండు రోజులు నల్లగా వస్తుంది. ఆ తర్వాత కూడా నల్లగానే ఉంటే డాక్టరుకు చూపించాలి. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పూ కారం లేని చికెన్ కలిపి రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాం. వారం పాటు పరుగులు, ఆటలు మాన్పించాం.

గన్నేరు చెట్టును గ్లవ్స్ వేసుకుని వేళ్ళతో సహా తీసేశాం. రాలిన ఆకుల్ని ఊడ్చి సంచుల్లో కట్టి పంపించాం. కాల్చలేదు, ఆ పొగ కూడా విషమే. దాంతోపాటు ఈతచెట్టులా కనిపించే సైకాస్ అనే అలంకరణ మొక్క కుండీ కూడా వెళ్ళిపోయింది. దాని గింజలు ఒకటి రెండు తిన్నా కుక్క కాలేయం దెబ్బతింటుంది.