ఎవర్నడగాలక్కా?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సందులో మాకో జిరాక్స్ షాపు ఉంది. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఊపిరి సలపదు. కళ్యాణదుర్గం, ఉరవకొండ, మడకశిర బస్సులు దిగి పిల్లలు వస్తారు, వెనకే కాగితాల సంచి పట్టుకుని తండ్రులు. కాపీలు చేతికిచ్చి చిల్లర లెక్కపెట్టి ఇచ్చినా కదలరు. కాసేపు అట్లే నిలబడి, "అక్కా, ఇది ఎవరికియ్యాల? స్కాలర్‌షిప్ పడలేదు, ఎవర్నడగాల?" అంటారు.

పోయినేడు ఒకమ్మాయి అట్లాగే వచ్చింది. క్లాసులో అందరికీ డబ్బులు పడ్డాయి, తనకు పడలేదు. కాలేజీ ఆఫీసులో అడిగితే బ్యాంకుకు పొమ్మన్నారు. బ్యాంకువాళ్లు సచివాలయానికి పంపారు. సచివాలయంలో, కాలేజీలోనే కనుక్కో అన్నారు. క్లాసులు పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని తిరుగుతూనే ఉంది. ఆధార్ నంబరు కొట్టి చూస్తే సంగతి తెలిసింది. ఈ డబ్బులు మనం ఫారంలో రాసిన ఖాతాలోకే వస్తాయనుకుంటాం. నిజానికి ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు లింకయిందో అందులో పడతాయి. ఆ పిల్లకు వాళ్ల ఊళ్లో ఎప్పుడో తీసిన ఇంకో ఖాతా లింకయి ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే తేలిపోయే పని. కానీ ఆ కాలేజీలో దాన్ని చూసిపెట్టే బాధ్యత ఎవరికీ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు హాల్ టికెట్ ఇచ్చేది లేదని బెదిరించడానికి మాత్రం మనుషులుంటారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

మా అక్క కొడుకు జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఈ సంగతి చెబితే, అక్కడ ఇట్లాంటి వాటికోసమే ఒక సంస్థ ఉందన్నాడు. స్టూడెంటెన్‌వెర్క్ అంటారట. 1921 నుంచి ఉన్న ఏర్పాటు, ఇప్పుడు దేశమంతా 57 ఉన్నాయి. యూనివర్సిటీలో భాగం కాదు, విడిగా పనిచేస్తుంది. విద్యార్థులు సెమిస్టర్‌కోసారి కట్టే సొమ్ములో కొంత దానికి పోతుంది. హాస్టళ్లు, తక్కువ ధరకు భోజనం పెట్టే మెస్సు నడిపేది అదే. ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం దరఖాస్తులు చూసేదీ అదే. డబ్బుకు ఇబ్బందైనా, మనసు బాగాలేకపోయినా కూర్చుని మాట్లాడేవాళ్లుంటారు. పిల్లలున్న విద్యార్థులకు శిశు సంరక్షణ కేంద్రాలు కూడా నడుపుతారు. ఫ్రాన్స్‌లో ఇట్లాంటి పనే 1955 నుంచి క్రూస్ అనే ప్రభుత్వ సంస్థ చేస్తోంది. 2020 నుంచి స్కాలర్‌షిప్ పిల్లలకు ఒక్క యూరోకే భోజనం పెడుతున్నారు. ఫిన్లాండ్‌లో విద్యార్థుల కోసమే 1954లో పెట్టిన ఆరోగ్య సంస్థ ఉంది. పళ్ల నొప్పి నుంచి మానసిక ఒత్తిడి దాకా అక్కడే చూస్తారు.

వాళ్ల దగ్గర డబ్బుంది, నిజమే. కానీ ఇందులో డబ్బుతో పనిలేని సంగతి ఒకటుంది. అడగాల్సిన చోటేదో చేరిన రోజే పిల్లలకు తెలిసిపోతుంది.

చూపు సరిగా లేని ఒక అబ్బాయి నోట్సు పెద్దవి చేయించుకోవడానికి వస్తుంటాడు. ఏ4 కాగితాన్ని 141 శాతానికి పెంచితే సరిగ్గా ఏ3కి వస్తుంది. బోల్డుగా రావడానికి ఇంకు కొంచెం ముదురు పెడతాను. ఆ షీట్లు మడతపెట్టి బ్యాగులో పెట్టుకుంటుంటే అడిగాను, కాలేజీలో ఇట్లా ఇవ్వరా అని. "అడగొచ్చా అక్కా?" అన్నాడు. అమెరికాలో 1973 నాటి చట్టం వల్ల యూనివర్సిటీల్లో దీనికో ఆఫీసే ఉంటుంది. ఈ విద్యార్థికి పెద్ద అక్షరాలు కావాలి, పరీక్షలో అదనపు సమయం కావాలి అని ఆ ఆఫీసే లెక్చరర్లకు లెటర్ రాసి ఇస్తుంది. ఒక్కో సార్ దగ్గరికీ పోయి తన కష్టం మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. మనకూ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. సహాయకుడితో పరీక్ష రాసేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని మార్గదర్శకాలూ ఉన్నాయి. అడగొచ్చని ఆ పిల్లాడికి చెప్పినవాళ్లే లేరు.

ఇక ఎవరికీ చెప్పుకోలేని బాధలు. ఇంగ్లండ్‌లో 1970లో ఎసెక్స్ యూనివర్సిటీలో నైట్‌లైన్ మొదలైంది. రాత్రిపూట ఫోన్ చేస్తే తోటి విద్యార్థే ఎత్తుతాడు. పేరు అడగడు, సలహాలివ్వడు, వింటాడు. అట్లా వినడానికి ముందే శిక్షణ ఇస్తారు. హాస్టల్లో దీపాలార్పాక ఇంటిమీద బెంగతో, బ్యాక్‌లాగుల టెన్షన్‌తో నిద్రపట్టని పిల్లలు మన దగ్గర తక్కువా? మనకు 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ర్యాగింగ్ ఐతే 1800-180-5522. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒకమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలని. మా షాపుకొచ్చే పిల్లల్ని అడుగుతుంటాను, మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని. ఎంసెట్ కౌన్సెలింగ్ గురించి అడుగుతున్నాననుకుంటారు.

ఇది చదివేవాళ్లలో జిల్లాలో లెక్చరర్లు, ఆఫీసు స్టాఫ్ ఉంటే ఒక్కటే అడుగుతున్నా. స్కాలర్‌షిప్‌కు ఎవరు, దివ్యాంగ విద్యార్థులకు ఎవరు, మనసు బాగాలేకపోతే ఎవరు, ఏ గదిలో, ఏ టైములో ఉంటారో ఒక కాగితంమీద తెలుగులో రాసి పంపండి. ఫీజు నోటీసు పక్కన ఒకటి, హాస్టల్ మెస్సులో ఒకటి, అమ్మాయిల వెయిటింగ్ రూములో ఒకటి అతికించండి. ఏ3లో పెద్ద అక్షరాలతో ఎన్ని కావాలంటే అన్ని తీసిస్తాను, డబ్బులొద్దు. గదిలో మాత్రం మనిషి ఉండేలా చూడండి.