ఎనభై సార్లు పట్నం

పాతిక వేలు మిగులుతాయని దుబాయ్‌లో ఎనిమిది గంటలు పడిగాపులు పడే టికెట్ కొన్నాను, నాదే బుద్ధి తక్కువ. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నాలుగు గంటల లోపే, అదో లెక్క కాదు. తర్వాతే నరకం. నడుం వాల్చనివ్వకుండా ప్రతి కుర్చీకీ చేతులు. కాఫీ 25 దిర్హాములు, అంటే ఆరు వందల దాకా. ఖమ్మంలో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయొచ్చు అనుకుంటూనే తాగాను.

అక్కడే కలిసిందా పెద్దావిడ. బోర్డింగ్ పాస్ చూపించి, "బిడ్డా, నువ్వు గూడ డల్లాసేనా? నీ ఎంబడే ఉంట" అంది. చేతిలో గుడ్డసంచి, మెడలో పాస్‌పోర్టు పౌచ్, దాని మీద స్కెచ్ పెన్నుతో కొడుకు నంబరు. ఇంకా ఎంత దూరమంటే సుమారు 12,900 కిలోమీటర్లన్నాను. ఆ అంకె ఆవిడకు ఎక్కలేదు, నిజానికి నాకూ ఎక్కదు. "మా కరీంనగర్ నుంచి పట్నం ఎంత?" అంది. పట్నమంటే హైదరాబాద్, దాదాపు 160. ఫోన్‌లో భాగిస్తే ఎనభై వచ్చింది.

"ఎనభై సార్లా! మధ్యల సిద్దిపేట లెక్క ఎక్కడన్న ఆపుతడా?"

ఎక్కడా ఆపడమ్మా, పదహారు గంటలు ఏకబిగిన అన్నాను.

అద్దం అవతల లైట్ల కింద పసుపు జాకెట్ల వాళ్లు సామాన్లు ఎక్కిస్తుంటే చాలాసేపు అటే చూసింది. వాళ్లాయన పదకొండేళ్లు దుబాయ్‌లోనే పనిచేశాడట, రెండేళ్లకోసారి వచ్చేవాడట. తను ఈ ఊరు చూడటం ఇదే మొదలు, అదీ అద్దంలోంచి. "గింత దగ్గరనా బిడ్డా? పగటీలి ఎక్కితే బువ్వ యాళ్లకు దిగినం" అంది. టికెట్ డబ్బులు ఎట్లాగో తెచ్చుకునేవాడేనట, కఫీల్, అంటే అక్కడి యజమాని, సెలవిస్తే కదా.

రాత్రి రెండున్నరకి లేచింది విమానం. పడమటికి పోవాల్సింది ఉత్తరానికి పోతోందేంటని పక్క సీటాయన గాభరా. భూమి గుండ్రం కదండీ, మ్యాపు మీద వంకరగా కనిపించేదే దగ్గర దారి అన్నాను, నమ్మినట్టు లేడు. గ్రీన్‌ల్యాండ్ దగ్గర్లో ఉండగా ఆవిడ వెనక వరసలోంచి వచ్చి నా చేతిలో రెండు సకినాలు పెట్టి "ఎన్ని పట్నాలైనయి?" అంది. తెర చూసి లెక్కగట్టి, నలభై దాటాయమ్మా అన్నాను. "ఇంకా సగమా" అని కాళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయింది.

డల్లాస్‌లో దిగేసరికి అదే రోజు ఉదయం ఎనిమిదిన్నర. చలికాలంలో దుబాయ్‌కీ డల్లాస్‌కీ పది గంటల తేడా. గడియారం చూస్తే ప్రయాణం ఆరు గంటలే, మోకాళ్లు మాత్రం పదహారూ లెక్కపెట్టుకున్నాయి. బయట కొడుకు కనిపించగానే ఆవిడకి నేను గుర్తులేను.

తిరుగు ప్రయాణంలో పైన వీచే పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి పద్నాలుగున్నర గంటల్లోనే దుబాయ్ చేర్చారు. మిగిలిన గంటన్నరా మళ్లీ ఆ కుర్చీల్లోనే పోయింది. టికెట్ రానూపోనూ ఒకేసారి కొన్నాను మరి.