తేట నీళ్లు, సీసపు బురద

పల్నాడులో బొల్లాపల్లి దగ్గరి అగ్నిగుండాల గనుల్లో నల్లకొండది రాగి, బండలమొట్టుది సీసం. ఆ సీసం డోలమైట్ అనే, సున్నపురాయి లాంటి రాయిలో ఉంది. పాత గని నుంచి లోహం ఎలా కదులుతుందో చాలావరకు తేల్చేది ఇలా ఖనిజం చుట్టూ ఉండే పక్కరాయే.

తవ్వి పోసిన గుట్టలో పైరైటుకు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని చెప్పే కొలత) 4 కిందికి దిగాక బాక్టీరియా ఇనుమును ఫెర్రిక్‌గా, అంటే ఇంకా ఆక్సీకరణ చెందిన రూపంగా మారుస్తుంది, ఆ ఫెర్రిక్ మళ్లీ పైరైటునే తింటుంది. మొదలైతే ఆపడం కష్టం అందుకే. చుట్టూ క్వార్ట్‌జైటే (గట్టిపడిన ఇసుకరాయి) ఉంటే ఆ ఆమ్లాన్ని విరిచేది ఏదీ ఉండదు, రాగి, జింకు కరిగి వాగులో పడతాయి. డోలమైట్ మాత్రం అక్కడికక్కడే విరిచేస్తుంది. సీసపు ఖనిజమైన గెలీనా మీద సెరుసైట్ (సీసపు కార్బొనేట్) పొర కడుతుంది, సీసం నీళ్లలోకి పెద్దగా దిగదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. తేట నీళ్లు పరీక్షించి, తాగునీటిలో సీసానికి పెట్టిన లీటరుకు 0.01 మిల్లీగ్రాముల హద్దు దాటలేదని ఊరుకుంటారు. అలాంటి చోట సీసం ప్రయాణించేది రేణువులుగా, వాన బురదతో. గెలీనా నీటికంటే 7.5 రెట్లు బరువు, ముతక రేణువులు ప్రవాహం నెమ్మదించే చోట, అంటే వాగు వంపు లోపలి ఒడ్డున, చెక్‌డ్యామ్ వెనక దిగిపోతాయి. మెత్తనివి చెరువు దాకా పోతాయి.

నీళ్లు రెండు సీసాల్లో పట్టాలి. పీహెచ్ అక్కడే చూసెయ్యాలి. ఒకదాన్ని వాగు గట్టునే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగట్టి, ఆ తర్వాతే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తేవాలి. ముందే ఆమ్లం పోస్తే రేణువుల సీసం కూడా కరిగి లెక్క తప్పుతుంది. అసలు పోయకపోతే ఇనుము తుప్పుగా దిగుతూ సీసాన్ని వెంట తీసుకుపోతుంది. సీసం సీసాకే అంటుకుంటుంది కూడా. రెండో సీసాలో వడగట్టకుండా ఆమ్లం పోయాలి. రెండింటి తేడాయే బురద మోసిన సీసం. మే నెల నీళ్లతో ఇది తెలియదు. ఎండకు గుట్టల మీద పూసిన లవణాలు తొలకరికి ఒక్కసారిగా కరుగుతాయి, ఆ మొదటి గంటల నీళ్లు పట్టాలి.

సున్నం చల్లితే అన్నీ కుదురుకుంటాయన్నది సగం నిజమే. పీహెచ్ 6 దగ్గరికి వస్తే సీసం ఇనుప తుప్పు కలిసిన మట్టిని బాగా పట్టుకుంటుంది, జింకుకు అది చాలదు. ఆర్సెనిక్ అనే విషానిది ఎదురుదారి: పీహెచ్ మరీ పెరిగితే తుప్పు దాన్ని వదిలేస్తుంది. వరి మడిలో నీళ్లు నిలిస్తే గాలి అందక తుప్పే కరిగిపోతుంది, ఆర్సెనిక్ వేళ్లకు చేరుతుంది.

గని కింది చెరువు పూడికమట్టిని పొలానికి తోలేముందు సీసం పరీక్ష చేయించాలి. పిల్లలు ఆడే చోటైతే పై 2 సెంటీమీటర్ల మట్టి తీసి 150 మైక్రాన్ల జల్లెడ పట్టి పంపాలి, చేతులకు అంటుకునేది ఆ మెత్తటి మట్టే. నీళ్లలో కరగని సెరుసైట్ కడుపులోని ఆమ్లంలో కరుగుతుంది.