ఒకే రోజు ఐదుగురు ప్రొఫెసర్లు

పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అంటే ఒక గదిలో నలుగురు వరసగా కూర్చుని ప్రశ్నలు వేస్తారనుకున్నా. తీరా షెడ్యూల్ వచ్చాక చూస్తే ఐదు పేర్లు, ఐదు గదులు, ఒక్కొక్కరితో అరగంట, మధ్యలో ఐదేసి నిమిషాల గ్యాప్. ఆ వారమంతా నేను వాళ్ల పేపర్లు డౌన్‌లోడ్ చేసుకుని, ఎవరి దగ్గర ఏ వేషం వేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నా. తప్పంతా అక్కడే జరిగింది.

మొదటాయనతో "మీ ల్యాబే నా ఫస్ట్ ఛాయిస్ సార్" అన్నా. రెండో మేడమ్ దగ్గరా అదే పాట ఎత్తుకుంటే, ఆవిడ నవ్వి "ఇందాక పక్క గదిలోనూ ఇదే చెప్పావా?" అన్నారు. ఇంటర్వ్యూలయ్యాక వీళ్లంతా ఎవరి అభిప్రాయం వాళ్లు కమిటీకి పంపుతారు, అక్కడ అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఈ చిన్న విషయం నాకు తట్టనే లేదు. నిజానికి అమెరికాలో బయాలజీ వైపు చాలా ప్రోగ్రాముల్లో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్లు (ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూడటం) చేశాకే గైడ్‌ని ఎంచుకుంటారు, కాబట్టి "మీ ఇద్దరి పనీ నాకు ఆసక్తే, ఇంకా తేల్చుకోలేదు" అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ప్రొఫెసరే నేరుగా తన ప్రాజెక్టుకి తీసుకునే చోట్ల లెక్క వేరనుకోండి.

మూడో ఆయన నా రెజ్యూమె కనీసం తెరవలేదు. మార్కర్ చేతికిచ్చి, నీ ప్రాజెక్టులో ముఖ్యమైన గ్రాఫ్ ఏదో బోర్డు మీద గీయమన్నారు. గీశా. "ఆ ఎర్రర్ బార్లు ఏంటి, స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా?" "స్టాండర్డ్ ఎర్రర్ సార్." (ఎర్రర్ బార్లంటే గ్రాఫ్‌లో విలువ ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీతలు. కొలతలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పేది డీవియేషన్; దాన్ని శాంపిల్స్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్.) "శాంపిల్స్ ఎన్ని?" గుర్తు లేదు! రెండేళ్లు చేసిన ప్రాజెక్టు. ఏదో ఒక అంకె చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది కానీ, రెండో గదిలో తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది కదా, "గుర్తు లేదు సార్, చూసి చెప్తాను" అన్నా. ఆయన తలూపి ఇంకో ప్రశ్నలోకి వెళ్లిపోయారు.

నాలుగో ఆయన అరగంటా తానే మాట్లాడారు. నేను ఫెయిలయ్యాననే అనుకున్నా, తర్వాత సీనియర్లు చెప్పారు, ఆయన ఎవరొచ్చినా అంతేనట.

ఐదో గదికి వచ్చేసరికి టెన్షన్ పోయి నీరసం మిగిలింది. "నన్నేమైనా అడగాలా?" అంటే "లేదండీ" అనేశా, ఎందుకంటే నా దగ్గరున్న ప్రశ్నలన్నీ ముందు గదుల్లో అయిపోయాయి. అదే ప్రశ్న ఐదుగురినీ అడగొచ్చని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది. మీ స్టూడెంట్లకి డిగ్రీ రావడానికి ఎన్నేళ్లు పడుతోంది, వాళ్లని ఎన్నాళ్లకోసారి కలుస్తారు, మధ్యలో గ్రాంట్ అయిపోతే స్టైపెండ్ ఎక్కడి నుంచి వస్తుంది అని. జవాబులు ఒక్కో గదిలో ఒక్కోలా ఉంటాయి, మనకి కావాల్సింది ఆ తేడానే. ఆ జవాబుల్ని వాళ్ల ల్యాబ్‌లో స్టూడెంట్లతో సరిచూసుకుంటే ఇంకా మంచిది.

ఆ రాత్రి ఐదుగురికీ థాంక్యూ మెయిల్స్ పెట్టా. మూడో ఆయనకి మాత్రం పాత నోట్‌బుక్ తీసి చూసి, శాంపిల్స్ నాలుగేనని రాశా. పొద్దున్నే ఒక్క లైన్ జవాబు: "డీవియేషన్‌తో మళ్లీ గీసి చూడు." గీశా. బార్లు రెట్టింపు పొడవయ్యాయి.