మందు లేని సూది

డిసెంబరు మొదటివారంలో ఒక సోమవారం పొద్దున జడ వేసుకుందామని చెయ్యెత్తితే కుడి భుజం ముందువైపు ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. అక్కణ్ణుంచి జబ్బ మీదుగా, మోచెయ్యి దాటి, బొటనవేలి దాకా సలుపు పాకింది. మూడు పాయలూ అలాగే వదిలేసి, క్లిప్పు పెట్టుకుని సిస్టమ్ ముందు కూర్చున్నాను. పని అలాంటిది మరి.

నేను డీటీపీ చేస్తాను. విజయవాడలో, మా ఇంట్లోనే ముందుగదిలో. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. జనవరి మొదట్లో ఊళ్ళో పుస్తకాల పండుగ ఉంటుంది కాబట్టి, ఏడాదంతా ఊరుకున్న రచయితలందరికీ డిసెంబరులోనే పుస్తకం గుర్తొస్తుంది. ఆ నెలలో రోజుకి పది పన్నెండు గంటలు కూర్చునేదాన్ని. ఎడమవైపు ఒళ్ళో ప్రూఫుల కట్ట, కళ్ళెదురుగా అను ఫాంట్లలో పేజీలు, కుడిచెయ్యి మౌసు మీద. దించిన మెడ ఎత్తితే అది స్క్రీన్ చూడ్డానికే.

మా అత్తయ్య చూసి "నరం పట్టేసిందమ్మాయ్" అన్నారు. మనకి ఒంట్లో ఏది పట్టేసినా నరమే కదా. రాళ్ళుప్పు మూటగట్టి, పెనం మీద వేడిచేసి కాపడం పెట్టారు. ఆవిడ పడుకున్నాక నేను అమృతాంజనం రాసుకునేదాన్ని. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1893లో అమృతాంజనమూ మొదలుపెట్టారు. అచ్చుపనికీ ఒళ్ళునొప్పులకీ చుట్టరికం ఆయనకి ముందే తెలుసేమో అని నవ్వుకునేదాన్ని. రాసుకున్నంతసేపు హాయిగానే ఉండేది. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. కుడివైపు తిరిగి పడుకుంటే భుజం పోటు, ఎడమవైపు తిరిగితే చెయ్యి ముందుకి వేలాడి ఇంకా పోటు. దిండు ఒకటి వాటేసుకుని వెల్లకిలా పడుకోవడం నేర్చుకున్నాను. వెనక హుక్కు పెట్టుకోలేక నలభై నాలుగేళ్ళ వయసులో మా అమ్మాయిని పిలవాల్సి రావడం ఒక సిగ్గు.

ఫిబ్రవరిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. షుగరు పరీక్ష చేయించారు, లేదు. మెడకి ఎక్స్‌రే, తర్వాత ఎమ్మారై. రిపోర్టులో ఐదో వెన్నుపూసకీ ఆరోదానికీ మధ్య డిస్కు కొద్దిగా ఉబ్బిందని రాసుంది. అది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. మా పెదనాన్నకి మెడ ఆపరేషన్ అయినప్పటి పట్టీలన్నీ కళ్ళముందు తిరిగాయి. మర్నాడు డాక్టరు ఆ కాయితం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. చేతుల్లో బలం చూశారు, సుత్తితో కొట్టి చూశారు, దూదితో రాసి తెలుస్తోందా అని అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత నన్ను వదులుగా ఉండమని ఆయనే నా చేతిని అన్నివైపులా తిప్పారు. చెయ్యి పూర్తిగా తిరిగింది.

"మీరు ఎత్తితే రావట్లేదు, నేను ఎత్తితే వస్తోంది. ఫ్రోజెన్ షోల్డర్ అయితే ఎవరు తిప్పినా రాదమ్మా. ఈ ఉబ్బు మీ వయసులో నొప్పి లేనివాళ్ళకీ కనిపిస్తుంది. కండల సంగతేదో ఫిజియో చేత చూపించుకోండి" అన్నారు. ఐదు రోజులకి నొప్పిమాత్ర, దానికి తోడు గ్యాస్‌మాత్ర రాశారు.

ఫిజియోథెరపిస్టు పాతికేళ్ళు దాటిన అమ్మాయి. నా నొప్పి ఎక్కడో వేలితో చూపించమంది. భుజం ముందువైపు చూపించాను. తను వెనక్కొచ్చింది. రెక్క ఎముక మీద బొటనవేలు పెట్టి అడ్డంగా జరుపుతూ వెళ్ళింది. ఒకచోట ఆగి నొక్కింది. నేను "అమ్మా!" అని కేకపెట్టాను. వింతేమిటంటే ఆ నొప్పి తను నొక్కినచోట కాకుండా ముందువైపు, నా మేకు దిగినచోటే, లేచింది. అక్కణ్ణుంచి వరసగా జబ్బ, మోచెయ్యి, బొటనవేలు. మూడు నెలలుగా నేను అమృతాంజనం పూసిన దారంతా ఒక్క వేలి నొక్కుకి వెలిగింది.

"ఇదేనా మీ నొప్పి?"

"ఇదే!"

"నరం కాదు మేడమ్, కండ" అంది. నా వేలు తీసుకుని నా వీపు మీదే పెట్టించబోయింది కానీ అందలేదు. అందుకని నా మెడపక్క కండ మీద పెట్టించింది, అక్కడా ఒకటి ఉందట. చర్మం కింద బిగలాగిన నులకతాడులా తగిలింది. దాని మీద శనగగింజంత ముడి. ఇలాంటివాటిని ట్రిగ్గర్ పాయింట్లంటారనీ, రెక్క ఎముక మీదుండే కండలో ముడి పడితే నొప్పి భుజం ముందుకీ చేతిలోకీ పాకుతుందనీ చెప్పింది. ఇన్నాళ్ళూ కాపడం పెట్టిందంతా తప్పుచోట! పూజారి ఇంట్లో ఉంటే గుళ్ళో వెతికినట్టు.

మొదటి రెండు వారాలు చేత్తోనే నొక్కి, సాగదీసే వ్యాయామాలు చేయించింది. కాస్త తగ్గింది కానీ వ్యాయామం చేయబోతే నొప్పి, నొప్పి వల్ల వ్యాయామం మానడం, ఇలా చక్రంలా తిరుగుతోంది. అప్పుడు సూదుల మాటెత్తింది. డ్రై నీడ్లింగ్.

"అంటే ఇంజెక్షనా?" అన్నాను.

"సూదే, మందు ఉండదు."

తెలుగులో ఇంజెక్షన్ని సూదిమందు అంటాం. రెండు ముక్కలూ కలిసే పుట్టినట్టు. ఒకటి తీసేస్తే ఇంకోటి ఏం చేస్తుందని నా అనుమానం. ఇంటికెళ్ళి ఎడంచేత్తో ఫోను జరుపుకుంటూ అర్ధరాత్రి దాకా చదివాను. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ఈ ముడుల మీద దశాబ్దాలు పనిచేసింది. కెనెడీ అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్ డాక్టరుగా వెళ్ళింది కూడా ఈవిడే. ఆయన నడుంనొప్పికి ఊగే కుర్చీ వాడమంది. ఈవిడ ముడుల్లోకి మత్తుమందు ఎక్కించేది. 1979లో కారెల్ లెవిట్ అనే చెక్ డాక్టరు ఒక వ్యాసం రాశాడు. అసలు పనిచేస్తున్నది మందు కాదేమో, సూదేమో అని. 241 మందికి వట్టి సూదే గుచ్చి, చాలామందికి అక్కడికక్కడే నొప్పి తగ్గిందన్నాడు. పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి సూది గుచ్చినవాళ్ళెవరూ ఆయన లెక్కలో లేరు. ప్రూఫులు దిద్దే బుద్ధి కదా, అది నా కంట్లో పడింది.

మర్నాడు ఈ మాటే అడిగితే ఆ పిల్ల దాచలేదు. "ఎందుకు పనిచేస్తుందో ఇంకా వాదనలున్నాయి మేడమ్. అసలు ఈ ముడి సిద్ధాంతాన్నే ఒప్పుకోనివాళ్ళున్నారు. తగ్గితే కొన్నాళ్ళకి తగ్గుతుంది. ఆ కొన్నాళ్ళలో మీరు వ్యాయామం చెయ్యాలి. మూడు నాలుగు సిట్టింగుల్లో తేడా లేకపోతే నేనే ఆపేస్తాను." పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టమని అడిగిన చోటొకటి మా పక్కింటావిడ చెప్పి ఉంది. అందుకే ఈ మాటతో నాకు నమ్మకం కుదిరింది. సిట్టింగుకి 600 రూపాయలు.

అత్తయ్య "చైనావాళ్ళ సూదులా?" అని అడిగారు. సూది అదే రకం, లెక్క వేరు. ఆక్యుపంక్చర్‌లో ఒంట్లో శక్తి ప్రవహించే దారులంటూ ఉంటాయి, వాటిని పట్టి గుచ్చుతారు. ఇక్కడ వేలికి తగిలిన కండముడిలోకే గుచ్చుతారు. తనక్కూడా మోకాలికి చేయిస్తే బాగుండునని ఆవిడ ఆశ. స్టెంటు పడ్డాక రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారని చెబితే ఫిజియో వద్దనేసింది.

నేను మొదటి సిట్టింగుకి వెళ్ళింది శనివారం. శనివారాలు నాకు ఒక్కపొద్దు. ఈ సంగతి వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. గర్భం, రక్తం మాత్రలు, సూదంటే భయం, ఇవన్నీ అడిగి సంతకం పెట్టించుకుంది. ఊపిరితిత్తికి సూది తగిలే ప్రమాదం చాలా అరుదుగా ఉంటుందనీ, ఇంటికెళ్ళాక ఆయాసం గానీ ఛాతీలో పోటు గానీ వస్తే తనకి ఫోను చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళమనీ చెప్పింది. బోర్లా పడుకోబెట్టి, స్పిరిట్ దూదితో తుడిచింది. సూది చూపించమన్నాను. వెంట్రుక కంటే కొంచెం లావు, ఇంజెక్షన్ సూదిలా బోలుగా లేదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఉంది. గొట్టం చర్మానికి ఆనించి పైన వేలితో ఒక్క టకటక. అంతే, దిగింది. దోమ కుట్టినంత కూడా లేదు. ఇంతేనా అనుకున్నాను.

అప్పుడు లోపల వెతకడం మొదలుపెట్టింది. కొంచెం పైకి లాగి, కొంచెం వాలు మార్చి, మళ్ళీ కిందికి. రెండోసారో మూడోసారో ముడి దొరికింది. గాలానికి చేప తగిలినప్పుడు బెండు చటుక్కున మునుగుతుందే, అలా కండ దానంతటదే లోపల ఎగిరింది. నేను కదిలించలేదు, తనూ కదిలించలేదు. దాంతోపాటు ముందువైపు, చేతిలోకి, ఆ పాత సలుపు మొత్తం ఒక్కసారి వచ్చి పోయింది. "వచ్చింది, వచ్చింది" అంటోంది తను, ఏదో చిక్కుముడి విప్పుతున్నదానిలా. ఇంకో రెండుసార్లు ఎగిరింది, ప్రతిసారీ కాస్త నెమ్మదిగా. తర్వాత సూది కదిలినా కండ ఊరుకుంది. మెడపక్క గుచ్చేటప్పుడు కండని రెండు వేళ్ళ మధ్య పట్టి పైకెత్తి, ఆ పట్టులోనే గుచ్చింది. కింద ఊపిరితిత్తి ఉంటుంది కదా, అందుకని.

లేచి కూర్చున్నాను. చెయ్యెత్తి చూడండి అంది. ఎత్తుతుండగానే చెవుల్లో హోరు, ఎదురుగా ఉన్న కేలండరు నల్లబడిపోయింది. కళ్ళు తెరిచేసరికి నా కాళ్ళు రెండు దిళ్ళ మీద ఉన్నాయి. ఆ పిల్ల మొహం నాకంటే తెల్లగా పాలిపోయింది. గ్లూకోజు నీళ్ళు తాగించి, "పొద్దున్న ఏం తిన్నారు?" అని అడిగింది. చెప్పాను. "వెంకటేశ్వరస్వామికి మీరు ఇంకో రోజు చూసుకోండి, లేదా నాకు ఇంకో రోజు చూడండి" అంది. తర్వాతవన్నీ బుధవారాలు, ఇడ్లీ తిన్నాక.

రెండు రోజులు వీపంతా రోట్లో కారం దంచిన మర్నాటిలా ఉంది. సూది దిగినచోట నేరేడుపండంత కమిలింది. అత్తయ్య దెప్పిపొడవడానికి ఇది బాగా పనికొచ్చింది. నాలుగో రోజు పొద్దున అలవాటుగా క్లిప్పు కోసం వెతుకుతూ, చెయ్యి తలవెనక ఉందని ఆలస్యంగా గమనించాను. పోటు లేదు. పట్టినట్టుంది, అంతే. జడ వేసేసుకున్నాను. వంకరగానే వచ్చింది.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. తగ్గిందనిపించగానే వ్యాయామాలు వదిలేశాను. ఒక రిటైర్డు మేష్టారి కవితాసంపుటి పట్టుకుని మూడు రోజులు లేవకుండా కూర్చున్నాను. ఆదివారానికి మేకు మళ్ళీ దిగింది. బుధవారం తిట్లు తినడానికి సిద్ధపడి వెళితే తను తిట్టలేదు. "మీరు కూర్చునేచోటు ఫోటో తీసి చూపించండి" అంది.

ఫోటో చూడగానే అసలు దొంగ దొరికింది. టేబుల్ మీద ప్రూఫుల కట్టలూ డిక్షనరీలూ ఆక్రమించడంతో, నా మౌసు పక్కనున్న స్టూలు మీద ఉంది. కీబోర్డు దాటి, అంకెల మీటలు దాటి, అడుగు దూరంలో. అంటే ఇన్నేళ్ళుగా నా కుడిచెయ్యి పక్కకి చాచి, బయటికి తిప్పి, గాల్లో పట్టుకుని పనిచేస్తోంది. చేతిని బయటికి తిప్పే కండే నా రెక్క ఎముక మీద ముడిపడిన కండ! సూది ఎన్నిసార్లు గుచ్చినా స్టూలు అక్కడే ఉంటే రోజూ ముడి కట్టుకుంటూ పోతాను.

అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు కొన్నాను. మౌసు పక్కకే వచ్చేసింది. గంటకోసారి లేవడానికి ఫోన్లో మోత పెట్టాను. రబ్బరు పట్టీ ఒకటిచ్చింది. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు ఇరికించుకుని, పట్టీని బయటికి లాగాలి. తువ్వాలు జారిపోతే లెక్క మళ్ళీ మొదటికి. మొదట్లో ఎనిమిది లాగేసరికి చెయ్యి వణికేది. ఇంకోటి, టెన్నిస్ బంతి. గోడకీ రెక్క ఎముకకీ మధ్య బంతి పెట్టుకుని ఆనుకుంటే, సూది లేకుండానే ఆ ముడి మీద బరువు పడుతుంది. బంతి గోడ మీద దొర్లి సున్నం ఊడి, మా ముందుగదిలో మనిషి ఎత్తున ఒక మరక తయారైంది.

సూదులు మొత్తం నాలుగుసార్లే. మూడోసారికి కండ ఒక్కసారే ఎగిరింది, నాలుగోసారి ఎగరనే లేదు. అక్కడితో తనే ఆపేసింది. వ్యాయామాలు మాత్రం జూన్ దాకా రోజూ, ఇప్పుడు వారానికి మూడు రోజులు. సూది నయం చేసిందా అని ఎవరైనా అడిగితే, నొప్పి పక్కకి జరిగి దారిచ్చిందంటాను. నడవాల్సింది నేనే కాబట్టి జూన్ దాకా పట్టింది.

మిగిలింది ఒళ్ళో ప్రూఫులు. మెడ వంచకుండా చదవాలంటే కాయితాలు కళ్ళెదురుగా నిలబడాలి. స్టాండు కొందామని అనుకుంటుండగా దేవుడిగదిలో అత్తయ్య భాగవతం పెట్టుకునే వ్యాసపీఠం కంటబడింది. టేకుది, మడతపెట్టేది, వాళ్ళమ్మగారిచ్చింది. అడిగితే మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు షరతులతో ఇచ్చారు: ఆవిడ పారాయణం అయ్యాక, పదింటి నుంచి. కాఫీ గ్లాసు దాని దరిదాపుల్లోకి రాకూడదు. ఏ పుస్తకం ప్రూఫులు పెడుతున్నానో ముందు ఆవిడకి చెప్పాలి. కిందటివారం ఒక డిటెక్టివ్ నవల వచ్చింది. పిల్లల కథలని చెప్పి పెట్టాను.