పదేళ్లలో పదిహేడేళ్లు పెరిగిన ముసలమ్మ

పుట్టి పెరిగింది గుంటూరు, కాపురం డబ్లిన్. మావారు ఐరిష్. మామగారి ఎనభయ్యో పుట్టినరోజుకి వంశవృక్షం గీసిస్తానని నోరు జారాను. వాళ్ల ఇంటిపేరు మర్ఫీ. ఐర్లండ్‌లో అంతకంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు లేదు. మనవైపైతే ఇంటిపేరుకి గోత్రం జోడిస్తే కొంతైనా జల్లెడ పడుతుంది, ఇక్కడ ఆ సుఖం లేదు.

జనాభా లెక్కలు చూద్దామంటే అవీ అంతంతమాత్రమే. 1821 నుంచి 1851 దాకా ఉన్న లెక్కలు చాలావరకు 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్‌ (కోర్టులు, పాత రికార్డుల ఆఫీసు ఉన్న చోటు)లో, అంతర్యుద్ధం మంటల్లో కాలిపోయాయి. 1861, 1871వి అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరతొచ్చి గుజ్జయిపోయాయి. 1922కి ముందువాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911. రెండూ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు.

మామగారి ముత్తవ్వ రెండింట్లోనూ కనిపించింది. కార్క్ కౌంటీలో అదే ఊరు, అదే ఇల్లు, అదే కొడుకు. కానీ 1901లో 55 ఏళ్లు, 1911లో 72! వేరే మనిషేమోనని రెండు వారాలు ఆమెను పక్కన పెట్టేశాను. అదే నా పొరపాటు. 1909 జనవరి నుంచి 70 దాటిన పేదవాళ్లకు పెన్షన్ ఇవ్వడం మొదలైందని, దాంతో ఊళ్లకు ఊళ్లే రాత్రికి రాత్రి ముసలివైపోయాయని తర్వాత తెలిసింది. ఐర్లండ్‌లో అందరి జననాలూ నమోదు చేయడం 1864లోనే మొదలు, కాబట్టి వాళ్లెవరి దగ్గరా బర్త్ సర్టిఫికెట్ ఉండదు.

మరి వయసుకి రుజువేది? అక్కడే నాకు దారి దొరికింది. అప్పటికింకా కాలిపోని 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించమని ముసలివాళ్లు దరఖాస్తు పెట్టుకునేవాళ్లు. తల్లిదండ్రుల పేర్లు, చిన్నప్పుడు ఉన్న టౌన్‌ల్యాండ్ అందులో రాయాలి. టౌన్‌ల్యాండ్ అంటే ఊరికంటే చిన్నది, దానికీ ఒక పేరుంటుంది. లెక్కలు బూడిదయ్యాయి కానీ ఆ దరఖాస్తులు చాలా మిగిలాయి, అవీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి.

ఆమె పుట్టింటి పేరు కొడుకు జనన నమోదులో దొరికింది. దాంతో వెతికితే 1910 నాటి దరఖాస్తు వచ్చింది. ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, టౌన్‌ల్యాండ్. ఇంట్లో ఎవరికీ తెలియని ఇద్దరు మనుషులు ఒక్క కాగితంలో! ఆ తండ్రే 1850ల నాటి గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (పన్ను కోసం భూములకు, ఇళ్లకు విలువ కట్టిన జాబితా), అదే టౌన్‌ల్యాండ్‌లో కౌలుదారుగా ఉన్నాడు. అంతకు పైకి వెళ్లడానికి చర్చి రిజిస్టరే దిక్కు. లాటిన్‌లో, చెదిరిన సిరాతో ఉన్న ఆ పేజీల దగ్గర ఆగిపోయాను.

పుట్టినరోజునాడు మామగారికి ఆ దరఖాస్తు ప్రింట్ తీసి చూపించాను. కింద గుమాస్తా రాసిన ఫలితం: 1851లో కుటుంబం దొరికింది, పిల్ల వయసు 6. అంటే పెన్షన్ అడిగేనాటికి ఆవిడకి 65.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "ఇంతకీ పెన్షన్ ఇచ్చారా, లేదా?" అన్నారు.

అది ఆ కాగితంలో లేదు.